అల్లుడికో గేటు

ఫిబ్రవరి 3, సోమవారం

పై గదిలో కిరాయికుండే లోహిత్ సారుకు ఆఫీసులో రెండు డైరీలు ఇచ్చారట. ఒకటి నాకిచ్చాడు. "రోజూ ఏదో ఒకటి రాయండి తాతగారూ, మనసుకు మంచిది" అన్నాడు. నేను చదివింది ఐదో తరగతిలో సగం. మిగతా సగం ఖాజాగూడ గుట్టల్లో బండలు కొడుతూ చదువుకున్నాను. సారు రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఏం చేస్తాడో నాకు తెలియదు. అడిగి చూశాను, ఆయనకూ తెలిసినట్టు లేదు.

మొన్న శనివారం నా బిడ్డ భూలక్ష్మి వచ్చింది, మనవరాలు పింకీని వెంటబెట్టుకుని. పై పెదవి చీలి ఉంది. చెవి పక్కన జుట్టు కుదుళ్లతో ఊడిపోయి చర్మం కనపడుతోంది. ఏమైందే అంటే "బాత్రూంల జారిన" అంది.

"మీ బాత్రూంకు చేతులున్నయా బిడ్డా?"

పింకీ నవ్వింది. నవ్వి, ఏడ్చింది.

నిన్న మధ్యాహ్నం అల్లుడు శివశంకర్ తాగి వచ్చాడు. మాది మొదటి అంతస్తు. మెట్లెక్కగానే తలుపు, మామూలు చెక్కది. తన్నడం మొదలుపెట్టాడు. మేం ముగ్గురం బీరువా అడ్డం జరిపి వీపులు ఆనించి నిలబడ్డాం. ప్రతి తన్నుకూ నా పళ్లు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి, ఉన్నంతవరకు. కింది పలక విరిగింది. ఆ సందులోంచి, బీరువా పక్కగా, వాడి కాలు లోపలికి వచ్చింది. పెళ్లినాడు పళ్లెంలో పెట్టి నేను కడిగిన కాలు. చూడగానే గుర్తుపట్టాను.

పింకీ ఆ కాలి మీద రోకలితో కొట్టింది. వాడు అరిచి, కుంటుకుంటూ దిగిపోయాడు. "మళ్లొస్త" అన్నాడు కింద నుంచి.

ఇనుప గేటు పెట్టాలి.

ఫిబ్రవరి 5

గేటు చేసేవాడు దొరకలేదు. శివశంకర్‌కు కొండాపూర్‌లో గ్రిల్ వర్క్స్ ఉంది. ఖాజాగూడ నుంచి నల్లగండ్ల దాకా వెల్డింగ్ చేసేవాళ్లంతా వాడి దగ్గర పని నేర్చుకున్నవాళ్లో, వాడి పక్కన కూర్చుని తాగేవాళ్లో. ఒకడు వచ్చి కొలత కూడా తీసుకున్నాడు. ఎవరు రాకుండా ఈ గేటో తెలిశాక టేపు చుట్టేశాడు.

"శివన్న మీద గేటు నేను చెయ్య తాతా. రేపు నా మిషన్ ఖరాబైతే ఆయన కాడికే పోవాలె."

"నీ మొహం ఖరాబైతే ఎవని కాడికి పోతవ్ రా?" అన్నాను. నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

లోహిత్ సారు దగ్గర వెల్డింగ్ మిషన్ ఉంది. చెప్పుల డబ్బా అంత, భుజానికి తగిలించుకునే పట్టీతో సహా. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు, సెలవు రోజుల్లో సరదాకు. దాంతో పూలకుండీల స్టాండు ఒకటి చేశాడు. గోడకు ఆనిస్తేనే నిలబడుతుంది, మా కులపెద్ద రామచంద్రం తాగినప్పుడు నిలబడ్డట్టు.

నాకూ నేర్పమన్నాను. "ఈ వయసులో ఎందుకండీ" అన్నాడు. షోకు అన్నాను. వాడకట్టులో అందరికీ అదే చెప్తున్నాను. ముసలోడికి కొత్త షోకు పుట్టింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

మిద్దె మీద మొదటి పాఠం.

"అగ్గిపుల్ల గీసినట్టు గీయండి తాతగారూ" అన్నాడు సారు. గీశాను. వెల్డింగ్ రాడ్ ఇనుముకు అతుక్కుపోయింది. గుంజాను. ఎర్రగా కాలి వంగింది కానీ వదల్లేదు.

"పెళ్లి చేసేసినం సారూ. ఇగ విడిపియ్యాలంటే పంచాయితీ పెట్టాలె."

సారు పడిపడి నవ్వాడు. బట్టలు ఆరేస్తున్న భూలక్ష్మి నవ్వలేదు.

మధ్యాహ్నానికి మంట నిలబడింది. బాణలిలో మిర్చిలు వేసినట్టు చప్పుడు. మంట పోయాక అతుకు మీద నల్లటి పెంకు గడ్డకడుతుంది. దాన్ని సుత్తితో కొట్టి ఊడగొట్టాలి. సారు కోడిగుడ్డు ఒలిచినట్టు కొడతాడు. నేను కొడుతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "చాలండి తాతగారూ, పెంకు ఎప్పుడో పోయింది. మీరు ఇనుమునే కొడుతున్నారు."

నేనెవరినీ తలచుకోలేదు. బండలు కొట్టిన చెయ్యి, అలవాటు.

ఫిబ్రవరి 10

కళ్లలో ఇసుక పోసి రుద్దినట్టుంది. నిన్న మాస్కు ఎత్తి మంటను ఉత్త కళ్లతో చూశాను, ఎట్లుంటుందోనని. పింకీ ఆలుగడ్డ ముక్కలు పెట్టి గుడ్డ కట్టింది. గీతలు దాటి రాస్తున్నానేమో.

ఫిబ్రవరి 12

కళ్లు తెరిచాను. మొట్టమొదట పింకీ మొహం కనపడింది. "గీ మొహం చూసుడు కన్నా చీకటే నయముండె" అన్నాను.

"నీకు చీకటే నయం తాతా. అమ్మ ఫోన్ మాట్లాడుడు కనపడదు."

"ఎవరితోని?"

"డాడీతోని. నీళ్ల ట్యాంకు ఎనక నిలబడి. ఆయన ఏడుస్తుండు. అమ్మ మళ్ల పోతది, చూడు."

నిజమే. ముంజేయి విరిగినప్పుడూ వచ్చింది, పోయింది. కడుపులో తంతే దవాఖానలో పడి ఉన్నప్పుడు ఇక పోననే అంది. పోయింది. వాడు కొట్టినప్పుడు వస్తుంది, వాడు ఏడ్చినప్పుడు పోతుంది. పోయిన ప్రతిసారీ ఇంకొంచెం తక్కువగా తిరిగి వస్తోంది. ఒకసారి అసలే రాదు.

"గేటు పడనీ, అంత మంచిగైతది" అన్నాను.

"గేటు ఆయన రాకుండ గదా తాతా. అమ్మ పోకుండ ఏం పెడ్తవ్?"

పోయి చదువుకో అన్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

గేటు కోసం తెచ్చిన చదరపు పైపు సన్నది. మంట ఎక్కువైతే బొక్క పడుతుంది. సారు, నేను కలిసి చాలా బొక్కలు చేశాం. భూలక్ష్మి చాయ్ తెచ్చి చూసింది. "గేటు అన్నరు, జల్లెడ చేస్తుండ్రేంది?"

బిడ్డ నవ్వి ఎన్నాళ్లయిందో. నేను ఇంకో బొక్క కావాలనే చేశాను.

చాయ్ గ్లాసు పక్కన పెట్టి నా వెనక నిలబడి, నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "దూరం పట్టకు నాయినా. దగ్గరికి. సప్పుడు ఒక్క తీరుగ రావాలె." వాడి షాపులో ముక్కలు పట్టుకుని నిలబడి నిలబడి నేర్చుకుంది. ముంజేతి నిండా చుక్కలు చుక్కలుగా మచ్చలు, నిప్పురవ్వలు పడినవి. వాటి మధ్య, మోచేతి లోపలి వైపు, ఒక పొడుగు మచ్చ. నిటారుగా, గీత గీసినట్టు. రాడ్ అంత పొడుగు, రాడ్ అంత లావు.

"ఇది రవ్వ కాదు గదా బిడ్డా."

కొంగు కప్పుకుని కిందికి వెళ్లిపోయింది.

నాకు కోపం లేదు. ఇది షోకు. సాయంత్రం దాకా నాలుగు మూలలు అతికించాను.

ఫిబ్రవరి 19

భూలక్ష్మి కొండాపూర్‌లో ఒక హాస్టల్‌లో వంట చేస్తుంది, కంపెనీ పిల్లలుండే హాస్టల్. పొద్దున టిఫిన్ల వేళ శివశంకర్ అక్కడికి పోయాడు. వంటింట్లోంచి జుట్టు పట్టి రోడ్డు మీదికి ఈడ్చాడు. పిల్లలు చుట్టూ నిలబడి వీడియో తీశారు. మెడలో ఆఫీసు బిళ్లలు, చేతిలో ఇడ్లీ ప్లేట్లు. ఆఖరికి ఒక అమ్మాయి వేడి సాంబారు గరిటె తీసుకుని వాడి మీద విసిరితే వదిలాడట.

వీడియో పింకీ ఫోన్‌కు వచ్చింది. భూలక్ష్మి మడమలు రోడ్డు మీద గీరుకుంటూ పోతుంటాయి. ఒక చెప్పు ఉంటుంది, ఒకటి ఉండదు. మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూశాను. పింకీ ఫోన్ లాక్కుంది.

భూలక్ష్మి వచ్చి అన్నం వండింది. తరువాత ట్యాంకు వెనక్కి పోయింది, ఫోన్ తీసుకుని.

ఫిబ్రవరి 23, ఆదివారం

చట్రం తయారైంది. ఒక పక్కంతా ఒకేసారి అతికించాం, ఉత్సాహం కొద్దీ. చల్లారాక ఆ పక్కకే గుంజుకుపోయింది. నేల మీద పెడితే పక్షవాతం వచ్చిన మనిషిలా ఒక భుజం పైకి. సారు మొహం మాడిపోయింది.

"ఫికర్ చెయ్యకు సారూ. మీ కంపెనీల వంకర పోయినయి సరిచేస్తనే గదా మీకు జీతం."

సుత్తితో కొట్టి కొట్టి దారికి తెచ్చాను. మిద్దె అదిరింది. కింది షాపు వాళ్లు పైకి వచ్చి చూసి, నా మొహం చూసి దిగిపోయారు.

ఫిబ్రవరి 27

గేటు నిలబెట్టాం. గోడకు కబ్జాలు బిగించాం, గేటు తిరగడానికి పెట్టే మడతబందులు. వాటి మేకుల మీద గేటును ఎక్కిస్తే తిరుగుతుంది, కిర్రుమంటూ. తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను. "నేను పొద్దున డ్యూటీకి ఎట్ల పోవాలె?" అంది భూలక్ష్మి. నన్ను లేపు, తీస్తానన్నాను.

సాయంత్రానికి లేపే అవసరమే లేకుండా పోయింది. హాస్టల్ వాళ్లు ఇక రావద్దన్నారట. వాళ్లకు గొడవలు వద్దట.

మార్చి 2, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సారు బయటికి పోయాడు. నేను గేటు లోపలి వైపు కూర్చుని గొళ్లెం బిగిస్తున్నాను. మిషన్ పక్కనే స్టూలు మీద ఉంది, దాని ఎర్త్ వైరు క్లిప్పు గేటుకే పట్టించి ఉంది. శివశంకర్ మెట్లెక్కి వచ్చాడు. అరవలేదు. తాగాడు కానీ నవ్వుతున్నాడు. గేటును పైనుంచి కిందికి చూశాడు, పనివాడు పనిని చూసే చూపు.

"నువ్వే చేసినవా మామా?"

"నేనే. షోకు."

వేలితో అతుకు మీద రాశాడు. "గిది అతుకా, పిట్ట రెట్టా? ఇగో, ఇక్కడ లోపటికి దిగనే లేదు, మీదమీద కూసున్నది. కొత్తల అట్లనే ఉంటది లే." వేలు పైకి పోయి కబ్జా దగ్గర ఆగింది. "స్టాపర్ ఏది మామా?"

అదేమిటో నాకు తెలియదు. చెప్పాడు. మేకు మీద కూర్చున్న గేటును పైకి లేపితే ఊడి వస్తుంది. లేవకుండా పైన ఒక ముద్ద అతికిస్తారు. ఏ పనివాడూ అది మరచిపోడు. నాకూ సారుకూ అది తెలియనే తెలియదు. తాళం ఉండనీ, గొళ్లెం ఉండనీ, గేటు మొత్తం విస్తరాకులా లేపి పక్కన పెట్టొచ్చు.

చెప్పి, రెండు చేతులా ఊచలు పట్టుకుని లేపాడు. కింది కబ్జా మేకు దాటింది.

వెనక్కి చూశాను. భూలక్ష్మి గోడకు ఆనుకుని రెండు మోచేతులతో తల కప్పుకుని ఉంది. ఇంకా ఎవరూ కొట్టలేదు. ఎవరూ లోపలికే రాలేదు.

"పింకీ, స్విచ్చెయ్."

వేసింది. తల వంచితే మాస్కు మొహం మీద పడింది. గేటు వాడి చేతుల్లో గాలిలో ఉండగానే లేచి పై కబ్జా మీద రాడ్ గీశాను. ఒక్క గీతకే మంట పట్టింది.

వాడు నవ్వుతున్నాడు. మొహం ఊచలకు ఆనించి, ఆ మంటకు జానెడు దూరంలో. "అతికియ్ మామా, చూస్త. ఇరవై ఏండ్ల సంది అద్దం లేకుండ చేస్తున్న. గీ దీపానికి భయపడ్తనా?" కళ్లు ఆర్పలేదు. గేటూ వదల్లేదు. చప్పుడు ఒక్క తీరుగా వస్తోంది. నా జన్మలో అంత మంచి అతుకు వేయలేదు.

వాడి ఎడమ చెయ్యి ఆ కబ్జా పక్క ఊచ మీదే ఉంది. రాడ్ సగమయ్యాక నా చెయ్యి జారింది. నేర్చుకునేవాడి చెయ్యి కదా, జారుతుంది.

మాంసం కాలిన వాసన. ఆ అరుపు మనిషిది కాదు. గేటు వదిలి వెనక్కి పోయాడు. వెనక మెట్లు. బండ పగిలే ముందు లోపల ఒక చప్పుడు వస్తుంది, అది నాకు బాగా తెలుసు. వాడి కాలు అదే చప్పుడు చేసింది.

నేను ఆపలేదు. కింది కబ్జా అతికించాను. గొళ్లెం అతికించాను. తాళాన్ని కూడా అతికించాను. రాడ్లు అయిపోయేదాకా అతికిస్తూనే ఉన్నాను.

మాస్కు ఎత్తేసరికి భూలక్ష్మి గేటు పట్టుకుని ఊపుతోంది. "తియ్యి నాయినా. ఆయన పడ్డడు. రక్తం కారుతున్నది, తియ్యి."

తీయడానికి ఏమీ లేదు. గేటు గోడలో గోడ అయిపోయింది.

నా రొమ్ము మీద గుద్దింది. మెడ మీద గీరింది. "నువ్వు గూడ గంతే" అంది. "నువ్వు గూడ గంతేగదనే నాయినా." వాడి షాపు పనివాళ్లు ఆటో తెచ్చి ఎత్తుకుపోయేదాకా ఊచల మధ్యలోంచి చెయ్యి కిందికి చాపి పిలుస్తూనే ఉంది. గేటు తెరుచుకుని ఉంటే ఆ ఆటోలోనే పోయేది. అది నాకు తెలుసు. పింకీకీ తెలుసు.

సారు తిరిగొచ్చి బయట నిలబడి నాలుగు చోట్లా ముట్టుకుని చూశాడు. "ఇప్పుడెలాగండీ? గ్రైండర్ తెచ్చి కోసేద్దామా?" ఆదివారం షాపులుండవన్నాను. ఖాజాగూడలో ఆదివారం షాపులుంటాయి.

మార్చి 3, సోమవారం

పొద్దున్నే రామచంద్రం వచ్చాడు. తాగలేదు, అయినా గోడకు ఆనుకున్నాడు. గేటు ఇవతల నేను, అవతల ఆయన.

"కాలు రెండు తునకలైంది పోచన్నా. కండ్లు తెరుస్తలేడు. చెయ్యి చూడనే రాదు. అల్లుని కాళ్లు గడిగిన చేతులు గవి. ఆ చేతులతోనే కాలవెడ్తవా?"

"గప్పుడు సరిగ్గ తోమలేదు రామచంద్రం. తోమితే లోపలిది కనపడుతుండె."

"నగుబాట్లు పక్కకు పెట్టు. పెద్దమనుషులు కూసున్నరు. నువ్వు దవాఖానకు వచ్చి ఆ కాళ్లు మళ్ల గడుగు. బిడ్డను పంపు. గింతటితోని ముగుస్తది."

"గేటు రాదు. అతికి ఉన్నది."

ఆయన నా భుజం మీదుగా లోపలికి చూశాడు. "నువ్వేమంటవ్ బిడ్డా?"

భూలక్ష్మి ఆయనకు జవాబు చెప్పలేదు. నాకు చెప్పింది. "ఆయన కొట్టినా తలుపు వెట్టి కొట్టలె నాయినా. ఎప్పుడు పోవాలన్నా పోయిన. నువ్వు ఇంట్ల వెట్టి అతికిచ్చినవ్."



సారును పిలిచి గ్రైండర్ తెమ్మన్నాను. సారు గదిలోనే ఉందట, నిన్న కూడా ఉందట. పై కబ్జా మీది అతుకు కోయడానికి అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది. గేటు ఊడి మెట్ల మీద పడింది.

భూలక్ష్మి జుట్టు ముడి వేసుకుని, టిఫిన్ క్యారియర్‌లో అన్నం, చారు పెట్టుకుని దిగిపోయింది. రామచంద్రం నావైపు చూసి గెలిచినట్టు తల ఊపాడు.

పింకీ తన గదిలో తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం

రాలేదు.

సాయంత్రం

రాలేదు. పింకీ అన్నం తినలేదు. "పంపినవ్ గదా" అంది, అంతే.

మార్చి 4

నిన్న దీపాలు పెట్టే వేళకు వచ్చింది. చేతిలో క్యారియర్ లేదు. గోడ పట్టుకుని మెట్లెక్కింది. చాప మీద కూర్చుంది. పింకీ నీళ్లిచ్చింది. తాగలేదు. చెప్పింది.

"కండ్లకు పట్టి కట్టిండ్రు నాయినా. కాలు పైకి కట్టిండ్రు. నా అడుగుల సప్పుడు విని ఏడ్సిండు. నువ్వొస్తవని తెలుసన్నడు. పక్కన కూసొని ముద్దలు వెట్టిన. తిన్నడు. తిని, నా చెయ్యి పట్టుకున్నడు. చెయ్యి నుంచి భుజం తడిమిండు. భుజం నుంచి మెడ. మెల్లగ. ప్రేమతోనే అనుకున్న. జుట్టు దొరికినంక కొట్టిండు. కండ్లు కనపడకున్నా, మంచం మీద లేవలేకున్నా, తడుముకొని, దొరకవట్టుకొని, క్యారియర్‌తోని కొట్టిండు. నర్సులొచ్చి విడిపిచ్చిండ్రు."

పింకీ ఏడవలేదు. నేనూ ఏడవలేదు.

"గిన్ని రోజులు తాగి కొట్టిండనుకున్న. కోపానికి కొట్టిండనుకున్న. ఇయ్యాల తాగలేదు నాయినా. అన్నం తిన్నడు, అంతే."

అక్కడి నుంచి ఇంటికి రాలేదట. విడిపించిన నర్సుల్లో ఒకామెను, రాజమ్మను, వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు పోయిందట. ముంజేయి, కడుపు, మోచేతి మచ్చ అన్నీ చెప్పిందట. చెప్పడానికి సాయంత్రం దాకా పట్టిందట.

"శివశంకర్ గూడ నీ మీద కేసు వెడ్తడట. మీ నాయిన కావాలని కాలవెట్టిండా అని ఎస్సై అడిగిండు. చెయ్యి జారిందని చెప్పిన."

నేను చాప వైపు చూశాను.

"జారిందా నాయినా?"

"లేదు బిడ్డా."

"తెలుసు" అంది. రాత్రి పింకీ పక్కన పడుకుంది. ఫోన్ బీరువాలో పెట్టి పడుకుంది.

ఇవాళ పొద్దున నేను లేచేసరికి మెట్ల మీద పడి ఉన్న గేటును పింకీ, ఆమె కలిసి పైకి ఈడ్చుకొచ్చారు. సారు లుంగీ మీదే దిగి వచ్చాడు, మాస్కు నెత్తిన పెట్టుకుని. "స్టాపర్ ఎలా పెట్టాలో వీడియో చూశానండీ" అన్నాడు. "వీడియో చూసే గదా సారూ ఇంత దూరమొచ్చింది" అన్నాను.

"గేటు పెట్టు నాయినా" అంది భూలక్ష్మి. "తాళం వద్దు. లోపలి దిక్కు గొళ్లెం, నా చేతికి అందేటట్టు. నేనే ఏసుకుంట, నేనే తీసుకుంట."

గొళ్లెం ఎంత ఎత్తులో పెట్టాలో కొలుద్దామని టేపు పట్టుకుని దగ్గరికి వెళ్లాను. కుడి భుజం ముట్టుకోనివ్వలేదు. క్యారియర్ దెబ్బ అక్కడే. ఎడమ భుజానికి కొలిచాను.